పని అందరికీ కనిపించాలి

జట్టుగా చేసే పని చెడిపోతే బద్ధకం మీదకు నెట్టేస్తాం. ఎవరో చెయ్యలేదు, అందుకే ఆగిపోయిందని తేల్చేస్తాం. దగ్గరికి వెళ్లి చూస్తే చాలాసార్లు అక్కడ కనిపించేది మొహమాటం. విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల నలుగురు కలిసి ఏదైనా మొదలుపెట్టారంటే వాళ్ల మధ్య ముందే ఏదో ఒక వరస ఉంటుంది. బావ అవుతాడు, మావ అవుతాడు, కాకపోతే ఒకే బడిలో చదువుకున్నవాళ్లయినా అయి ఉంటారు. అలాంటి మనిషిని పట్టుకుని ‘నీ వంతు ఎంతవరకు వచ్చింది?’ అంటే ఏమనుకుంటాడోనని జంకు. అందుకని అడగరు. అడగలేదు కదా అని అతనూ చెప్పడు. రేపు గడువనగా ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది, చేతిలో ఏమీ లేదని.

జట్టు పనుల కోసం ఇప్పుడు ఆన్‌లైన్‌లో వేదికలకు కొదవలేదు. జోహో ప్రాజెక్ట్స్, ట్రెల్లో, మైక్రోసాఫ్ట్ టీమ్స్, బేస్‌క్యాంప్ అని ఎన్నో పేర్లు. వాటి గురించి చెప్పేవాళ్లు వేగం గురించి, సౌకర్యం గురించి చెబుతారు. నేను మిమ్మల్ని ఇంకో వైపు నుంచి చూడమంటాను. అడగడానికి నోరు రాని ప్రశ్నను అవి మన తరఫున అడుగుతాయి. పని ఎక్కడిదాకా వచ్చిందో, ఎవరి దగ్గర ఆగిందో, ఎవరూ ఎవరినీ అడగకుండానే అందరికీ కనిపిస్తుంది. మనలాంటి చోట, చుట్టరికాలూ స్నేహాలూ పనితో కలిసిపోయి ఉండే చోట, దీన్ని మించిన ఉపయోగం మరొకటి లేదని నా నమ్మకం.

గరివిడికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. గర్భాం వైపు మాంగనీసు గనులు 19వ శతాబ్దం చివర్లోనే మొదలయ్యాయి. 1950లలో శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వచ్చింది, ఊరి నోట అది ఫేకర్ అయింది. మాంగనీసు ఖనిజాన్ని కోకుతో కలిపి విద్యుత్ ఫర్నేసులో కరిగిస్తే ఉక్కు తయారీకి కావలసిన ఫెర్రో మాంగనీస్ వస్తుంది. అలాంటి ఫర్నేసును సాయంత్రం ఆపేసి పొద్దున్నే మళ్లీ మొదలుపెడదామంటే కుదరదు. రాత్రీ పగలూ నడవాలి. అంటే ఒకే పని రోజుకు మూడు జట్ల చేతులు మారుతుంది. ఫర్నేసు ఉన్న ఏ కర్మాగారంలోనైనా ఆ మూడు జట్లనూ కలిపి ఉంచేది లాగ్‌బుక్కు. లోడు ఎంత నడిచింది, ఎలక్ట్రోడు ఎంత దించారు, కరిగిన లోహాన్ని బయటికి తీసే ట్యాపింగ్ ఎన్ని గంటలకు జరిగింది, ఏది చెడింది, ఆ సంగతి ఎవరికి చెప్పారు, అన్నీ అందులోనే ఉంటాయి. దిగే షిఫ్టు రాస్తుంది, ఎక్కే షిఫ్టు చదువుతుంది. దిగేవాడు ఎక్కేవాడికి స్వయానా మేనమామ అయినా రాయకుండా వెళ్లడానికి లేదు. ‘ఎలక్ట్రోడు ఎందుకు దించలేదు?’ అన్న ప్రశ్నకు నొచ్చుకునేవాళ్లూ ఉండరు, ఆ ప్రశ్న వచ్చింది పుస్తకంలోని గడి ఖాళీగా ఉన్నందుకు కాబట్టి.

ఫర్నేసు లేని మన చిన్న జట్లు ఇలాంటి పుస్తకం మనకెందుకులే అనుకుంటాయి. వాట్సాప్ గ్రూపు ఉందిగా అంటాయి. ఇక్కడే పని జారిపోతుంది. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు. నలుగురు విద్యార్థులు. ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు ఎంత ఉన్నాయో ఫోనుకు చెప్పే పరికరం చెయ్యాలి. సర్క్యూట్టు చీపురుపల్లి అబ్బాయిది. కోడు రాజాం అమ్మాయి రాస్తుంది. రిపోర్టు ఒకరిది, ఊళ్లోకి వెళ్లి కొలతలు తెచ్చే పని మరొకరిది.

“ఏట్రా, ట్యాంకు కొలతలు తీసేవా?”

“ఎప్పుడో తీసేసేను మావా. గ్రూపులో ఎట్టేసేను కూడాను.”

అతను చెప్పింది నిజమే. కాగితం మీద రాసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. దాని మీద పండగ శుభాకాంక్షలు, క్రికెట్ స్కోర్లు, ఫీజు గడువు నోటీసు వచ్చి పడ్డాయి. రాజాం అమ్మాయి ఆ ఫొటో చూడలేదు. మళ్లీ అడగడానికి మొహమాటపడి ట్యాంకు ఎత్తు తనే ఒక అంకె అనుకుని కోడు రాసేసింది. ఈలోగా గైడ్ సార్ నడవలో చీపురుపల్లి అబ్బాయికి ఎదురుపడి, మామూలు సెన్సర్ తేమకు పాడైపోతుంది, నీళ్లు తగిలినా తట్టుకునే రకం తీసుకోండని చెప్పారు. ఆ మాట అతని దగ్గరే ఉండిపోయింది. రిపోర్టు మూడు ఫోన్లలో మూడు రకాలుగా ఉంది, మూడింటి పేరూ ‘ఫైనల్’ అనే. ఈ కథలో పని ఎగ్గొట్టినవాడు ఒక్కడూ లేడు. అయినా డెమో రోజున సగం నిండిన ట్యాంకును ఆ పరికరం నిండుగా చూపిస్తుంది.

చేసిన పని ఒకచోట, అనుకున్న మాట ఒకచోట, ఫైలు ఇంకొకచోట, సార్ తీసుకున్న నిర్ణయం ఎవరి జ్ఞాపకంలోనో. ఈ నాలుగింటినీ ఒకే గూటికి చేర్చేదే సమగ్ర వేదిక. పనుల జాబితా, ప్రతి పని కిందా దాని చర్చ, దానికి సంబంధించిన ఫైలు, గడువు తేదీ, ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న చరిత్ర అన్నీ అక్కడే దొరకాలి. మిగతా హంగులు ఉంటే ఉన్నాయి, లేకపోతే లేదు.

ఇది పెద్ద కంపెనీలకే సరిపోతుందని ఎవరైనా అంటే తెలుగు వికీపీడియాను చూడమనండి. 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో అది మొదలైంది. జీతం లేదు, మేనేజరు లేడు, రాసేవాళ్లలో చాలామంది ఒకరి మొహం ఒకరు చూసి ఎరుగరు. అయినా ఇవాళ అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ఎలా నడుస్తోందో తెలియాలంటే ఏ ఊరి పేజీ అయినా తెరిచి పైనున్న రెండు మాటలు గమనించండి. ఒకటి ‘చర్చ’, రెండోది ‘చరిత్ర’. వ్యాసంలో ఫలానా అంకె తప్పని మీకు అనిపిస్తే, రాసినవాళ్ల ఫోన్ నంబరు వెతుక్కోనక్కర్లేదు. ఆ పేజీ చర్చలోనే అడుగుతారు. అక్కడికక్కడే జవాబు వస్తుంది, ఆ జవాబు ఐదేళ్ల తర్వాత వచ్చినవాడికీ కనిపిస్తుంది. చరిత్ర నొక్కితే ప్రతి మార్పూ తేదీతో, చేసినవారి వాడుకరి పేరుతో బయటపడుతుంది. చెడిపోతే పాత రూపానికి తిప్పెయ్యవచ్చు. మీరు పట్టించుకునే పేజీలను వీక్షణ జాబితాలో పెట్టుకుంటే వాటిలో ఏది మారినా మీకు తెలుస్తుంది. ఒక్క పేజీకి చెందని, అందరూ కలిసి తేల్చాల్సిన సంగతులకు రచ్చబండ వేరే ఉంది.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పార్వతీపురం, సాలూరు, కురుపాం విజయనగరం జిల్లా నుంచి విడిపోయి మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. తెలుగు వికీపీడియాలో ఒక్కసారిగా ఎన్ని మండలాల పేజీల్లో, ఎన్ని వేల గ్రామాల పేజీల్లో జిల్లా పేరు మార్చాలో ఆలోచించండి. ఏ పేజీ మారింది, ఏది మిగిలింది అన్నది ఫోన్లలో మాట్లాడుకుంటూ చేసి ఉంటే తెమిలే పనేనా? పని, మాట, చరిత్ర ఒకే చోట ఉండబట్టే ఎక్కడెక్కడో కూర్చున్న మనుషులు ఒకరి పని మీద ఒకరు పడకుండా చెయ్యగలుగుతారు. పరిచయం లేనివాళ్లకు అంత కుదిరినప్పుడు, ఒకే బెంచీ మీద కూర్చునే నలుగురికి ఎందుకు కుదరదు?

మొదట ఏ వేదిక ఎంచుకోవాలన్న దాని మీద ఎక్కువ రోజులు పోగొట్టుకోకండి. ఫోనులో తేలిగ్గా తెరుచుకోవాలి, తెలుగులో రాసుకోవడానికి వీలుండాలి, మీ జట్టు పరిమాణానికి ఉచితంగానో భరించగలిగే ధరకో దొరకాలి. ఇంతే చూడండి. ఇలాంటి వాటిలో జోహో మన పొరుగు తమిళనాడుకు చెందినది. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలై 2009లో జోహో అయింది. తెన్‌కాశి దగ్గర పల్లెలోనూ ఆ సంస్థకు ఆఫీసు ఉంది. మహానగరంలో లేకపోతే సాఫ్ట్‌వేర్ పని కుదరదనుకునే మన పిల్లలు ఆ సంగతి తెలుసుకోవాలని నాకు కోరిక. ఏదో ఒకటి ఎంచుకుని, ఆ ప్రాజెక్టు పూర్తయ్యేదాకా దాన్ని మార్చకండి.

తర్వాత బోర్డు. జపాన్‌లోని టయోటా కర్మాగారాల్లో తైచి ఒహ్నో అనే ఇంజినీరు కార్డులతో పని నడిపే కాన్‌బాన్ పద్ధతిని తెచ్చాడు. ఇప్పటి ఆన్‌లైన్ బోర్డుల వెనక ఉన్నది ఆ ఆలోచనే. ‘చెయ్యాలి, చేస్తున్నాం, అయింది’ అని మూడు వరసలు మామూలుగా ఉంటాయి. మన జట్లకు నాలుగోది తప్పనిసరి అంటాను. దానికి ‘ఆగింది’ అని పేరు పెట్టండి. పని ఆగిపోయిందని నోటితో చెప్పడం మనకు నామోషీ. ‘అయిపోతాది’ అనేస్తాం, మనసులో మాత్రం ఎలా అవుతుందో తెలియక నలిగిపోతుంటాం. కార్డును ఒక వరస నుంచి ఇంకో వరసకు జరపడం మాత్రం తేలిక. జరిపినవాళ్లు ఒక్క వాక్యం రాయాలి, ఎవరి కోసం లేదా దేని కోసం ఆగిందని. ‘సెన్సర్ ఇంకా రాలేదు’, ‘పంచాయతీ నుంచి ట్యాంకు ఎక్కడానికి అనుమతి కావాలి’. ఈ వరసను రోజూ చూసే పని జట్టు పెద్దదే, ఎందుకంటే అక్కడున్నవాటిలో సగం అతను ఒక ఫోను చేస్తే కదిలేవే అయి ఉంటాయి.

కార్డు మీద ఏం రాస్తారన్న దాని మీదే అంతా నిలబడుతుంది. ‘సెన్సర్ పని చూడాలి’ అని రాస్తే ఎవరు చూడాలో తెలియదు, చూడటమంటే ఏమిటో అసలే తెలియదు. మన నలుగురు విద్యార్థుల కార్డు ఇలా ఉండాలి: ‘ట్యాంకు మూత కింద సెన్సర్ బిగించే ఎత్తు తేల్చడం. చీపురుపల్లి అబ్బాయి. శుక్రవారం సాయంత్రానికి. నిండు మట్టానికీ సెన్సర్‌కూ మధ్య దూరం సెంటీమీటర్లలో రాసి, ఫొటో జతచేస్తే అయినట్టు.’ ఒకే మనిషి పేరు, ఒకే తేదీ, అయిందని ఎలా తెలుస్తుందో ఒక గుర్తు. ఇద్దరి పేర్లు రాస్తే ఇద్దరూ రెండోవాళ్ల కోసం ఎదురుచూస్తారు.

ఆ కార్డు కిందే నడవలో సార్ అన్న మాట రావాలి. ‘హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే మామూలు సెన్సర్ వద్దని సార్ ఇవాళ చెప్పారు, తేమకు ఆగదట. నీటికి తట్టుకునే రకం తెస్తున్నాను. దానికి ఎదురుగా కనీసం 25 సెంటీమీటర్ల ఖాళీ లేకపోతే కొలత సరిగా రాదు.’ మామూలు రకం 2 సెంటీమీటర్ల దూరం నుంచే కొలుస్తుంది, నీటికి తట్టుకునే రకంలో అంత దగ్గరి దూరం దొరకదు. అంటే సెన్సర్‌ను ఇంకా పైకి బిగించాలి. అది మారితే రాజాం అమ్మాయి కోడులోని అంకె మారాలి. ఆమె ఆ వ్యాఖ్య చదువుతుంది, తన కార్డులో మార్పు రాసుకుంటుంది. ‘నాకెందుకు చెప్పలేదు?’ అన్న ప్రశ్న ఇక పుట్టదు.

వాట్సాప్‌ను మానెయ్యమనడం లేదు. ‘బస్సు దొరకలేదు, పది నిమిషాలు ఆలస్యం’ లాంటి మాటలకు అది చాలా మంచిది. మాట పెరిగి మనస్పర్ధ వచ్చే సూచన కనిపిస్తే అది కూడా వద్దు, నేరుగా ఫోన్ చెయ్యండి, వీలైతే వెళ్లి కలవండి. కానీ ఫోనులో ఏదైనా తేలితే, ఫోన్ చేసినవాళ్లే ఆ రోజే కార్డు కింద రెండు వాక్యాలు రాయాలన్న నియమం పెట్టుకోండి. బోర్డు మీద లేనిది నిర్ణయం కాదు.

ఫైళ్ల విషయంలో ఒక్కటి పట్టుకుంటే చాలు. కాపీలు పంపుకోవద్దు, లింకు పంపుకోండి. గూగుల్ డాక్స్ లాంటి చోట రిపోర్టు ఒక్కటే ఉంటుంది, నలుగురూ అందులోనే రాస్తారు, పాత రూపాలు దాని చరిత్రలో భద్రంగా ఉంటాయి. ‘ఫైనల్’ అని పేరు పెట్టే అవసరమే రాదు. ఆ ఫైలు ఎవరి ఖాతాలో ఉందన్నది మాత్రం మొదటి రోజే చూసుకోండి. క్యాంపస్ ఎంపికలయ్యాక ఒకరు హైదరాబాద్, ఒకరు బెంగళూరు వెళ్లిపోతారు. ఫైలు వాళ్ల సొంత ఖాతాలో ఉంటే జట్టు పని వాళ్లతోపాటే వెళ్లిపోయినట్టు. జట్టు పేరిట ఒక ఖాతా తెరిచి దాని యాజమాన్యంలో పెట్టండి. అందరూ ఒకే పాస్‌వర్డు వాడుకోవడం మాత్రం వద్దు. అలా చేస్తే ఏ మార్పు ఎవరు చేశారో తెలియదు, చరిత్రకు అర్థమే ఉండదు.

బోర్డు ఒక్కటే సరిపోని పనులు కూడా ఉన్నాయి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది కాబట్టి అటువైపు పని ఒకటి తీసుకుందాం. ఒక ఊళ్లో గాలికుంటు టీకాల శిబిరం పెట్టాలి. ఆ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఐసు, పెట్టెలు సిద్ధం కాకముందే మందు బయటికి తీస్తే పాడవుతుంది. ఊళ్లో చాటింపు వెయ్యకముందే మందు చేరినా వృథా. ఆవులు మేతకు వెళ్లిపోయాక డాక్టర్లు చేరినా అంతే. ఇక్కడ ఏ పని తర్వాత ఏ పని అన్నది ప్రాణం. ఇలాంటి వాటికి తేదీల వెంట పట్టీలు గీసి చూపించే గాంట్ చార్టు ఉన్న వేదిక కావాలి. ఐసు ఒక రోజు ఆలస్యమైతే దాని వెనకున్న పనుల తేదీలన్నీ ఎలా జరుగుతాయో అందులో కళ్లకు కడుతుంది. నలుగురు విద్యార్థుల ప్రాజెక్టుకు అంత అక్కర్లేదు.

మా ఊళ్లో సిగ్నలే సరిగా ఉండదు, కరెంటు పోతుంది అంటారు. నిజమే. సిగ్నల్ లేనప్పుడు కాగితం మీద రాయండి, దొరికిన వెంటనే ఫొటో తీసి ఆ కార్డుకే తగిలించండి. కొన్ని వేదికలు ఫోనులో రాసి ఉంచితే సిగ్నల్ వచ్చాక వాటంతట అవే పంపుకుంటాయి. మీరు ఎంచుకున్నది అలా చేస్తుందో లేదో మొదటి వారంలోనే పరీక్షించి చూడండి.

ఇక పెద్దవాళ్లు. గైడ్ సారో, కాంట్రాక్టు పెద్దాయనో యాప్ తెరవకపోతే బలవంతపెట్టకండి. ఆయన మాటను ఎవరో ఒకరు తేదీ వేసి రాసే బాధ్యత తీసుకుంటే సరిపోతుంది. జట్టును రోజూ నడిపించే మనిషి మాత్రం తప్పించుకోవడానికి వీల్లేదు. బోర్డు మీద స్పష్టంగా రాసి ఉన్న సంగతిని అతను ఫోన్ చేసి ‘ఏటయ్యింది?’ అని అడిగాడంటే, రాసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, రాసినా ఎవరూ చదవరని. రెండుసార్లు అలా జరిగితే మూడో వారానికి బోర్డు ఖాళీ. ముందు బోర్డు చూసి, ఆ తర్వాతే ఫోన్ ఎత్తాలి. వారానికి ఒకసారి పావుగంట అందరూ కూర్చుని, బోర్డు తెరిచి, ‘ఆగింది’ వరస నుంచి మొదలుపెట్టి మాట్లాడుకోండి. ‘అయింది’ వరస గురించి మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

ఇంకొక జాగ్రత్త చెప్పకుండా ఈ అధ్యాయం ముగించలేను. అందరికీ కనిపించే బోర్డు మంచి చేసినంత తేలిగ్గా చెడూ చేస్తుంది. గడువు దాటిన కార్డు ఎర్రగా మారుతుంది. మొదటిసారి అలా మారినప్పుడు నలుగురిలో ఆ మనిషిని నిలదీస్తే, రెండోసారి అతను తేదీ మార్చేస్తాడు, లేదా సగమైన పనిని ‘అయింది’లోకి జరిపేస్తాడు. అప్పటి నుంచి బోర్డు అబద్ధం చెబుతుంది, దాన్ని నమ్మి మీరు తీసుకునే ప్రతి నిర్ణయమూ తప్పవుతుంది. ఎర్ర కార్డు చూసినప్పుడు అడగాల్సింది ‘ఏం అడ్డొచ్చింది?’ అని. ఒంట్లో బాగోలేదంటే పని ఇంకొకరికి మార్చండి. పని మొదట అనుకున్నదానికన్నా పెద్దదని తేలితే రెండు కార్డులుగా విడగొట్టండి. చదువు తక్కువని, ఇంగ్లీషు రాదని, పాత ఫోనని వెనకాడేవాళ్లు ప్రతి జట్టులోనూ ఒకరైనా ఉంటారు. మొదటి వారం వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల చేతే తెలుగులో నాలుగు వ్యాఖ్యలు రాయించండి. వాళ్ల కార్డును వాళ్ల తరఫున మీరు జరపకండి.

ప్రాజెక్టు అయిపోయిన రోజున బోర్డును అలా వదిలేసి వెళ్లకండి. ‘ఆగింది’ వరసలో ఏడాది పొడవునా ఏవేవి వచ్చాయో చూసి, ఎందుకు వచ్చాయో ఒక పేజీ రాసి అక్కడే పెట్టండి. ఫైళ్లన్నింటినీ ఒకసారి దింపుకుని వేరే చోట దాచండి. వెళ్లిపోయేవాళ్ల అనుమతులు తీసేసి, వచ్చే ఏడాది ట్యాంకు ప్రాజెక్టు తీసుకునే జూనియర్లకు చూసే అనుమతి ఇవ్వండి. సెన్సర్ ఎంత ఎత్తులో బిగించాలో వాళ్లు మళ్లీ మొదటి నుంచి కనుక్కోనక్కర్లేదు.